మల్లి కాళ్ళు

కొండయ్య మ్యాజిక్ షో ఊరు మారిన ప్రతి పొద్దునా మొదట జరిగే పని పసుపు నూరడం. ఆ పొద్దున శ్రీశైలం పోయే బస్సులు దోర్నాల సెంటర్లో ఆగి, జనం దిగి ఇడ్లీలకు ఎగబడుతుంటే, హోటలు ఎనకాల బండి నీడన మల్లి రాయి ముందేసుకుని పసుపు కొమ్ములు నూరతా కూర్చుంది. అంగట్లో దొరికే పొట్లం పసుపు ఆమెకు పనికిరాదు. దాంట్లో పిండి కలుపుతారు. పిండి కలిసిన పసుపుకు నడుము అతకదు.

బండంటే పెద్దదేం కాదు, చిన్న టాటా ఏస్. దాంట్లోనే రెండు చెక్కపెట్టెలు, రంపం, మడిచిన డేరా, మైకు, నాలుగు పావురాలు, వంటసామాను. తోలేవాడు పిచ్చయ్య. మైకులో అరిచేదీ డోలు కొట్టేదీ కూడా ఆయనే. మెజీషియన్ కొండయ్య. ఆయన పెండ్లాం మల్లి. రాచర్ల, కొమరోలు, కంభం, తర్లుపాడు, ఎక్కడ తిరునాళ్ళ ఉంటే అక్కడికి, లేనప్పుడు బడుల కాడికి, పద్దెనిమిదేళ్ళుగా వీళ్ళ బతుకు రోడ్డు మీదే. వీళ్ళకొక కూతురు, ప్రసన్న. గిద్దలూరు హాస్టల్లో ఉండి తొమ్మిది పాసయింది. ఎండాకాలం సెలవులకు మాత్రం బండెక్కేది, పావురాలకు గింజలేసేది.

ఆట రెండు భాగాలు. మొదటి భాగమంతా కొండయ్యది. ఖాళీ టోపీలోంచి కాగితం పూలు తీసేవాడు, నోట్లోంచి గజాల కొద్దీ రంగు రిబ్బను లాగేవాడు, పేకముక్కలు మాయం చేసేవాడు. జనం ఆవలించేవాళ్ళు. రెండో భాగంలో మల్లిని బల్ల మీద పడుకోబెట్టి రంపంతో నడుము కాడ కోసేవాడు. నిజంగానే కోసేవాడు. కంభంలో ఒకసారి ముందు వరసలో పెద్దాయన లేచి నిలబడి, ఇందులో మ్యాజిక్ ఏముంది నాయనా, కోస్తా ఉండావు గదా అని నిలదీసినాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. వేరే కంపెనీల ఆటలో పెట్టెలో ఇద్దరు ఆడోళ్ళు దాక్కుంటారు, అద్దాలుంటాయి, అదొక పనితనం. ఇక్కడ అదేమీ లేదు.

అయినా జనం వచ్చేది దానికే. కోసినాక మల్లి కాళ్ళు బల్ల దిగి, ఎర్ర పావడాతో, గజ్జెలు మోగించుకుంటా జనంలోకి పోయేవి. పిల్లకాయలు అరికాళ్ళకు చక్కిలిగింతలు పెడితే అక్కడ బల్ల మీద మల్లి పడీ పడీ నవ్వేది. ఎంత దూరం పోయినా కాళ్ళకు తగిలిందంతా ఆమెకు తెలిసేది. ఆడోళ్ళు బల్ల చుట్టూ మూగి, ఏ ఊరమ్మా, పిల్లలెందరమ్మా అని మంచీ చెడ్డా అడిగేవాళ్ళు. ఆట అయినాక కాళ్ళు వచ్చి పడుకునేవి. కోసిన చోట పసుపు పట్టించి తడిగుడ్డ చుట్టేవాళ్ళు. పొద్దు గూకే లోపల ఈ పని అయిపోవాల. పొద్దు గూకితే కోసిన చోట తోలు మూసుకుంటాది, ఇంక అతకదు. అందుకే వీళ్ళ ఆట ఎప్పుడూ మధ్యాన్నం మూడు గంటలకే.

కోసే ముందు ఒక పద్ధతి ఉంది. కొండయ్య గొర్రెల కాపరుల ఇంట పుట్టినోడు. పొట్టేలును అమ్మవారి ముందు నిలబెట్టి పసుపునీళ్ళు చల్లుతారు గదా, అది ఒళ్ళు విదిలిస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి లేస్తుంది. విదిలించకపోతే ఎంతసేపైనా కాచుకోవాల్సిందే. కొండయ్య మల్లికి కూడా అట్లే నీళ్ళు చల్లేవాడు. ఆమె భుజాలు విదిలించేది. అప్పుడు రంపం పెట్టేవాడు. పెండ్లయిన కొత్తలో నవ్వుతా విదిలించేది. తర్వాత తర్వాత అదీ ఒక పనైపోయింది.

మల్లికి ఈ గుణం చిన్నప్పటి నుంచీ ఉంది. రాచర్ల పక్కన వాళ్ళ పల్లెలో, తొమ్మిదేళ్ళప్పుడు, గాలివానకు లేచిన ఇంటి రేకు వచ్చి ఆమెను రెండుగా కోసింది. వాళ్ళ జేజి, నాయన తల్లి, పసుపు పెట్టి, తడిగుడ్డ కట్టి పడుకోబెట్టింది. మర్నాడు పిల్ల గొర్రెల ఎంబడి పోయింది. ఊళ్ళో దీన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు, రేకు పోయినందుకే ఎక్కువ బాధపడినారు. ఆ ఊరి తిరునాళ్ళకు ఆటాడను వచ్చిన కొండయ్య మాత్రం ఈ మాట చెవిన పడినాక ఊరు వదలలేదు. పది దినాలకు మల్లి అతని బండెక్కింది. ఎక్కే ముందు ఆమె అన్న అంకన్న దుడ్డుకర్రతో కొండయ్య ఎడమ మణికట్టు ఇరగ్గొట్టినాడు.

ఆ మణికట్టే కొంప ముంచింది. జనం కుడిచేతిని చూస్తుంటే ఎడమచెయ్యి పని కానిస్తుంది, మ్యాజిక్ అంటే అంతే. ఇరిగిన చెయ్యి సరిగా అతకలేదు. ముక్కలు జారిపోయేవి, పూలు ముందే బయటపడేవి. కొండయ్య చెడ్డ మెజీషియన్ కాదు, పన్నెండేళ్ళు ఒక గురువు కాడ గుడ్డలుతికి నేర్చుకున్నోడు. నేర్చుకున్న దానికి ఒక చప్పట్టు లేదు, ఏ పనితనమూ లేని కోతకు ఈలలు. ఎవరికైనా మంటే. అయితే మంట పుట్టినప్పుడల్లా పెండ్లాన్ని కొట్టేవాణ్ణి ఏమనాల? బెల్టుతో, పెట్టె మూతతో, మైకు రాడ్డుతో కొట్టేవాడు. మల్లిని కోస్తే నొప్పే గాని నెత్తురు రాదు. కొడితే వస్తుంది. తుడుచుకోను బండిలో ఒక పాత చీర ఎప్పుడూ ఉండేది.

ప్రసన్నకు తల్లి గుణం రాలేదు. పోయిన సెలవుల్లో ఉల్లిగడ్డలు తరుగుతా వేలు కోసుకుంటే ఎంతకీ నెత్తురాగలేదు, గిద్దలూరులో మూడు కుట్లు పడినాయి. ఆ నెత్తురు చూసి మల్లి లోలోపల ఎంత సంతోషపడిందో చెప్పలేను. ఈ పిల్ల రంపం కిందికి రాదు, చదువుకుంటాది, మొత్తం మనిషిగా బతుకుతాది అనుకుంది.

అయితే మల్లి నడుము అరిగిపోతా ఉంది. పద్దెనిమిదేళ్ళ కోతలు. అతుకు చుట్టూ తోలు మోకు మందాన లేచింది. పోయిన నెల కొమరోలులో బండి దిగతా ఉంటే నడుము పై సగం రెండు వేళ్ళ మందాన పక్కకు జరిగింది, పిచ్చయ్య పట్టుకోకపోతే ఊడి పడేదే. కొండయ్య అది చూసినాడు. వారం దినాలు ఆలోచించినాడు. ఆలోచించి ఏం చేసినాడో ఆ పొద్దున దోర్నాలలో తెలిసింది.

మార్కాపురం నుంచి తెచ్చిన కొత్త ఫ్లెక్సీని బండికి కట్టను పిచ్చయ్య విప్పినాడు. మల్లికి అక్షరాలు రావు, బొమ్మలకు చదువెందుకు. పైన తన ముఖం, తన చేతులు. నడుము కింద ప్రసన్న స్కూలు ఫోటోలోని కాళ్ళు, తెల్ల సాక్సులు, నల్ల బూట్లు. పక్కన ఇంకో బొమ్మ, అందులో కూతురు నడుము కింద తన ఎర్ర పావడా. ఆ మధ్యాన్నమే మార్కాపురంలో ఆట. తల్లినీ కూతుర్నీ కోసి, ఒకరి కాళ్ళు ఒకరికి అతికిస్తాడంట. లేత కాళ్ళయితే బరువుండవు, మల్లి నడుము ఇంకో ఇరవయ్యేళ్ళు ఆగుతాదంట. ఇదంతా పిచ్చయ్య తలెత్తకుండా, రాసింది చదివి, కొండయ్య అన్నది కలిపి చెప్పినాడు.

మల్లి పసుపు చేతులతోనే లేచింది.

“అది నా మాదిరి కాదయ్యా. దానికి నెత్తురొస్తాది. కోస్తే చచ్చిపోతాది.”

“తెగిన యేలు వేరు, నడుము వేరు,” అన్నాడు కొండయ్య. “నా బిడ్డను నేను చంపుకుంటానా? నీ కడుపున పుట్టింది, అతుక్కుంటాది.”

ఆ మాట నమ్మే అన్నాడు. అబద్ధమైనా బాగుండేది, బతిమాలితే మారేవాడు. నమ్మినోణ్ణి ఏమని మారుస్తారు?

ఆయన నీళ్ళు పోసుకోను బోరు కాడికి పోయినాక మల్లి ప్రసన్న చెయ్యి పట్టుకుని సెంటర్లోకి ఉరికింది. ఏ బస్సు ముందుంటే ఆ బస్సు అనుకుంది. కూతుర్ని ఎక్కించింది, తాను ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అంతలో ఎనకనుంచి జుట్టు పట్టి లాగినాడు కొండయ్య. తడి ఒంటి మీద తువ్వాలతోనే వచ్చినాడు. మెట్టు అంచుకు ఆమె నోరు కొట్టుకుని ముందు పన్ను ఇరిగింది. రోడ్డు మీద పడేసి కడుపులో తన్నినాడు, లేవబోతే వీపు మీద తొక్కినాడు, చేతికి దొరికిన నీళ్ళ డబ్బాతో నెత్తి మీద మోదినాడు. నెత్తురు కంట్లోకి దిగింది. ప్రసన్న బస్సు దిగి తండ్రి చెయ్యి పట్టుకుంటే దాన్ని చెంప మీద కొట్టి పక్కకు నెట్టినాడు. చుట్టూ యాభై మంది ఉన్నారు. మీ ఇంటి గొడవ ఇంట్లో చూసుకోండి అని ఎవరో అన్నారు. అందరికీ శివుడి దర్శనానికి పొద్దుపోతా ఉంది, ఇడ్లీలు చల్లారిపోతా ఉన్నాయి. దండం పెట్టాల ఆ భక్తికి.

బండిలో పెట్టెల నడుమ ప్రసన్నను కూర్చోబెట్టి బయట తాళమేసినాడు. ముందు సీట్లో పిచ్చయ్య, నడుమ మల్లి, అంచున కొండయ్య. దోర్నాల నుంచి మార్కాపురం దాకా మల్లి పిచ్చయ్యను రెండు సార్లు అడిగింది, అన్నా నువ్వన్నా చెప్పు అని. పిచ్చయ్య మంచోడే, ఒకరి జోలికి పోడు. ఆయన రోడ్డు వైపే చూస్తా బండి తోలినాడు.

మార్కాపురంలో డేరా వేసింది ఒక పలకల ఫ్యాక్టరీ ఎనకాల ఖాళీ జాగాలో. పక్కనే పగిలిన పలకల దిబ్బ, మనిషెత్తు. తిరునాళ్ళ దినమని పల్లెల నుంచి గొర్రెలోళ్ళు, రైతులు, పిల్లా జెల్లా దిగినారు. కొత్త ఫ్లెక్సీ చూసి డేరా నిండింది. కొండయ్య మొదటి భాగం తొందరగా ముగించినాడు. రంపం తీసినాడు. బల్ల మీద మల్లి, పక్కన, నడుము దాకా తలుపు పెట్టి గడియేసిన నిలువు పెట్టెలో ప్రసన్న. పిల్ల చేతులు కొండయ్య నోట్లోంచి తీసే రంగు రిబ్బనుతోనే కట్టి ఉన్నాయి. చూసేవాళ్ళకు అది అలంకారమనిపించింది.

మల్లిని ముందు కోస్తే ఆమె అడ్డం రాదు, కొండయ్య లెక్క అది. పసుపునీళ్ళు చల్లినాడు. మల్లి కదల్లేదు. మళ్ళా చల్లినాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఆమె రాయి మాదిరి పడుకుంది. తాను విదిలించకపోతే రంపం లేవదు, రంపం లేవకపోతే ఆట లేదు. జనంలో గుసగుసలు లేచినాయి. కొండయ్య వంగి, నవ్వు ముఖం చెదరనీకుండా, ఆమె చెవిలో అన్నాడు.

“నువ్వు విదిలించకపోతే దాన్నే ముందు కోస్తా.”

మల్లి భుజాలు విదిలించింది. డోలు మోగింది. రంపం నడుములో దిగింది, అవతల తేలింది. ఆమె పళ్ళ బిగువున ఓర్చుకుంది. కాళ్ళు బల్ల దిగి నిలబడినాయి గాని ఆ దినం జనంలోకి పోలేదు. ప్రసన్న పెట్టె ముందే నిలబడినాయి.

కొండయ్య ఆ కాళ్ళను పక్కకు తోసి కూతురి మీద నీళ్ళు చల్లినాడు. ప్రసన్న కదల్లేదు. కళ్ళు మాత్రం పెద్దవి చేసి తండ్రినే చూస్తా ఉంది. రెండోసారి చల్లినాడు. మూడోసారి చెంబెడు కుమ్మరించినాడు. పిల్ల వణకనైనా వణకలేదు. ముందు వరసలో గొర్రెలోళ్ళు తల అడ్డంగా ఆడించినారు. ఒక ముసలాయన లేచి, వద్దంటా ఉంది గదయ్యా, ఇడిసిపెట్టు అన్నాడు. అక్కడ కొండయ్య చెయ్యి ఆగిపోయింది. పెండ్లాన్ని నడిరోడ్డు మీద తొక్కినోడు, కూతుర్ని కట్టేసినోడు, విదిలించని ప్రాణి మీద రంపం పెట్టలేకపోయినాడు. పుట్టుక అట్లాంటిది. నుదుటి చెమట తుడుచుకున్నాడు, అటూ ఇటూ చూసినాడు, ఆఖరికి పిల్ల చెంప మీద ఫెడీమని కొట్టినాడు. ఆ దెబ్బకు ప్రసన్న ఒళ్ళంతా అదిరింది.

“విదిలించింది,” అన్నాడు మైకులో.

జనం రెండు పార్టీలైనారు. విదిలించిందంటే విదిలించిందే అని కొందరు, కొట్టి విదిలించింది లెక్కలోకి రాదని కొందరు. పిల్ల చస్తాదా బతుకుతాదా అన్నది ఒక్కరికీ పట్టలేదు, పద్ధతి కరెక్టా కాదా అన్నదే గొడవ. ఆ గొడవలో కొండయ్య రంపం కోసం బల్ల మీదికి వంగినాడు. మల్లి రెండు చేతులా అతని జుట్టు పట్టుకుంది.

పట్టుకుని కిందికి గుంజింది. కింద పడతానే అతని వీపు మీదికి ఎగబాకి మెడ చుట్టూ చేతులు బిగించింది. కాళ్ళు పోయి ప్రసన్న పెట్టె తలుపును ఎగిరి తన్నినాయి. ఒక తన్నుకు గడియ ఊడింది, రెండో తన్నుకు తలుపు ఊడింది. ప్రసన్న బయటికొచ్చి అమ్మ వైపు రెండడుగులు వేసింది.

“నా కాడికి కాదు,” అని అరిచింది మల్లి. “కాళ్ళెంబడి పో. అవి ఎక్కడికి పోతే అక్కడికి.”

ప్రసన్న ఆగింది. తల్లి ముఖం ఒక చోట, తల్లి కాళ్ళు ఒక చోట. ఏ పిల్లకూ ఆ గతి పట్టకూడదు. పళ్ళతో రిబ్బను తెంపుకుని, ఏడ్చుకుంటా కాళ్ళెంబడి పోయింది. జనం దారిచ్చినారు. ఇదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టినారు.

కొండయ్య లేచినాడు. వీపు మీద సగం మనిషి. డేరా గుంజకు వీపు ఆనించి ఆమెను కుమ్మినాడు, ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. పక్కటెముకలు ఇరిగిన చప్పుడు ముందు వరసకు వినబడింది. మల్లి అతని చెవి కొరికి పట్టుకుంది. అతను రంపం పిడితో ఎనక్కి మోదతా ఉంటే ఆమె నుదురు చిట్లింది, కనుబొమ్మ తెగింది, ఎవరి నెత్తురు ఎవరిదో తెలియకుండా ఇద్దరి ముఖాలూ ఎర్రబడినాయి. చప్పట్లు ఆగిపోయినాయి. పిచ్చయ్యను బండి తియ్యమని, బస్టాండుకు పోదామని కొండయ్య అరిచినాడు. పిచ్చయ్య పోయి బండిలో కూర్చుని తాళం తిప్పి, స్టార్టు కావడం లేదన్నాడు. బండికి ఏ రోగమూ లేదు.

సరేనని కొండయ్య కాలినడకనే బయల్దేరినాడు. మల్లి అరచేతులతో అతని రెండు కళ్ళూ మూసింది. కళ్ళు మూస్తే మనిషి ఎంత దూరం పోతాడు? పలకల దిబ్బ ఎక్కి, జారి, ఇద్దరూ దొర్లినారు. పగిలిన పలక కత్తి కంటే అన్యాయం. కొండయ్య మోకాళ్ళు, మోచేతులు తెగి నెత్తురు కారింది. మల్లి ఒళ్ళు కూడా తెగింది గాని ఒక చుక్క రాలేదు. అతను ఒక పలక చెక్క తీసుకుని ఆమె చేతిని కోయబోయినాడు. కోసినకొద్దీ అతుక్కుంది, నూరిన పసుపంతా ఆమె చేతులకే ఉంది. అప్పుడు కోయడం మాని వేళ్ళ మీద రాయితో కొట్టినాడు. రెండు వేళ్ళు నలిగినాయి. మిగిలిన ఎనిమిదితో పట్టుకుంది.

అప్పటికి కాళ్ళు బస్సెక్కినాయి. అరికాళ్ళ కింద కాలే తారు రోడ్డు పోయి ఇనుప మెట్టు తగిలింది మల్లికి. తర్వాత అదిరే నేల. ఎవరో బొటనవేలి మీద బరువు సంచి పెట్టినారు. ఒక మడమను ఇంకో పాదం, బూటు లేని చిన్న పాదం, ఆనుకుని ఉంది. అది ప్రసన్నది. ఆ పాదం ఆనుకుని ఉన్నంతసేపూ మల్లి చేతుల్లో బలముంది. కంభం కాడ బస్సు ఆగింది, మళ్ళా కదిలింది. గిద్దలూరులో దిగి ఆటో ఎక్కినారు. ఆటో రేకు ఎండకు పెనం అయి ఉంది.

కాళ్ళు పోయేది ఎక్కడికో మల్లికి తెలుసు, పుట్టింటికి గాక అవి ఇంకెక్కడికి పోతాయి. అయితే అక్కడ అన్న అంకన్న ఉన్నాడు. మల్లి బండెక్కి పోయిన దినం ఊరందరి ముందు అన్నాడు, నీ కాలు నా వాకిట్లో పడితే నరుకుతానని. అంకన్న మాటకు తిరుగు లేదు. ప్రసన్న పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు మల్లి ఒకసారి పోయి కంచె అవతల నిలబడింది. అంకన్న గొడ్డలి తీసుకుని బయటికొచ్చినాడు, అతని పెండ్లాం ఆదిలక్ష్మమ్మ అడ్డం పడింది. మల్లి అట్లే తిరిగొచ్చింది. ఆ కోపం పద్దెనిమిదేళ్ళదైంది, తగ్గిందో పెరిగిందో ఎవరు చూసినారు? కాళ్ళకు నోరు లేదు, జరిగింది చెప్పేదానికి. పిల్ల ముఖం అంకన్న ఎప్పుడూ ఎరగడు, తండ్రి పోలిక వేరే ఉంది దానికి.

పొద్దు వాలింది. కొండయ్య పలకల మీద బోర్లా పడి ఉన్నాడు, వీపు మీద మల్లి. మెడ చుట్టూ చేతులు సడలలేదు. చుట్టూ జనం నిలబడి చూస్తా ఉన్నారు. విడదీయను ఒకరిద్దరు ముందుకొచ్చినారు గాని, సగం మనిషిని ఎక్కడ పట్టుకుని లాగాలో తెలియక ఎనక్కి పోయినారు. పిచ్చయ్య పసుపు గిన్నె, తడిగుడ్డ తెచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకు తెలిసింది అదొక్కటే.

కొండయ్య ఏడుపు మొదలుపెట్టినాడు. “పొద్దు గూకతా ఉంది మల్లీ. కాళ్ళను పిలువు. గూకితే నువ్వు ఇట్లే ఉండిపోతావు. ఇడు, పోయి తెస్తా, అతికిస్తా. దాన్ని కొయ్యను, ఒట్టు.”

మల్లి పిలవలేదు. ఇరిగిన పంటి సందు నుంచి నెత్తురు ఉమ్మింది. కాళ్ళు ఆటో దిగినాయి. మట్టి తగిలింది, పల్లేరుకాయ గుచ్చుకుంది, తీసేవాళ్ళు లేక అట్లే నడిచినాయి. తర్వాత పేడనీళ్ళు చల్లిన మెత్తటి నేల. వాకిలి. కాళ్ళు ఆగినాయి. గొర్రెపిల్ల ఏదో వచ్చి వేళ్ళను మూతితో తడిమి పోయింది. ప్రసన్న పాదం పక్కనే ఉంది, వణకతా ఉంది. ఆట కాడ వణకని పిల్ల అక్కడ వణికింది.

నిలబడినాయి. నిలబడే ఉన్నాయి. ఎవరో బరువుగా నడిచి వచ్చిన అదురు నేలలోంచి తెలిసింది, ఎదురుగా వచ్చి ఆగిపోయింది. మల్లి ఊపిరి బిగబట్టింది. గొడ్డలి పడితే తన కాళ్ళ మీద పడనీ. తన కాళ్ళకు కొత్త కాదు. పక్కనున్న చిన్న కాళ్ళ మీద పడకూడదు, అంతే. అమ్మా, తల్లీ, ఈ ఒక్కటి నాకియ్యి అనుకుంది. పొద్దు గూకింది. నడుము కాడ చుర్రుమని తోలు మూసుకుంటా ఉండడం తెలిసింది. చుట్టూ తిరిగి ముడి పడింది. అయిపోయింది, ఇంక ఈ జన్మకు అతకదు. మల్లి దాని గురించి ఆలోచించలేదు. ప్రసన్న పాదం చప్పున పక్కనుంచి తొలగిపోయింది. ఎక్కడికి పోయిందో తెలియదు.

కాళ్ళ మీద తడి పడింది.

మల్లి కెవ్వున అరిచింది. ఆ అరుపుకు చుట్టూ ఉన్న జనం రెండడుగులు ఎనక్కి వేసినారు. బిడ్డ నెత్తురు అనుకుంది. మెడ చుట్టూ ఆమె చేతులు బిగుసుకుపోయి కొండయ్య కళ్ళు తేలేసినాడు, కాళ్ళు కొట్టుకున్నాడు. ఇంకొక్క క్షణమైతే వాడి ప్రాణం పోయేదే.

తడి మళ్ళా పడింది. నెత్తురు వెచ్చగా ఉంటాది. ఇది చల్లగా ఉంది. వేళ్ళ మీద పడింది, మడమల మీదికి జారింది, మట్టి కరిగింది. ఇంటికొచ్చిన మనిషికి చెంబుతో నీళ్ళిస్తే ఎవరి కాళ్ళు వాళ్ళు కడుక్కుంటారు. ఈ కాళ్ళకు చేతులేవి? ఎవరో ఒకరు వంగాల్సిందే. ఒక చెయ్యి మడమను పట్టి ఎత్తింది. వదినేమో అనుకుంది మల్లి. కాదు, కాయలు కాసిన మొరటు చెయ్యి, గొర్రెల కాళ్ళు పట్టి పట్టి గట్టిపడిన చెయ్యి. అది వేలి సందుల్లో బురద తోమింది. పల్లేరు ముల్లు కోసం తడిమి, గోటితో పీకింది. కొంచెం అవతల నీళ్ళలో తపతపమని చిన్న పాదాలు అడుగులు వేసిన అదురు, గడప వైపు పోయింది.

మల్లి చేతులు వదిలింది. కొండయ్య దగ్గుకుంటా పక్కకు దొర్లినాడు. పిచ్చయ్య పసుపు గిన్నె పట్టుకుని వంగి, ఏమైందమ్మా అని అడిగినాడు.

“మా అన్న,” అంది మల్లి. “కాళ్ళు కడగతా ఉండాడు.”